తోడేళ్ళ పరిశోధనలో ఫీల్డ్ అసిస్టెంట్ పని: చేరే ముందు ఏమి తెలుసుకోవాలి?

ప్రశ్న: మైదుకూరు అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లాలో మైదుకూరు దగ్గర పల్లె. నిరుడు జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రాలతో బి.ఎస్సీ. పూర్తి చేశాను. కర్నూలు, నంద్యాల జిల్లాల మెట్ట పొలాల్లోనూ గడ్డి బీళ్ళలోనూ కృష్ణజింకలు, తోడేళ్ళ మీద ఒక పరిశోధక విద్యార్థి చేస్తున్న అధ్యయనంలో ఆరు నెలలపాటు ఫీల్డ్ అసిస్టెంటుగా పనిచేయమని నాకు పిలుపు వచ్చింది. ఫోనులో మాట్లాడినప్పుడు "పొద్దున్నే నడవాలి, లెక్క రాయాలి, కెమెరాలు చూసుకోవాలి" అని చెప్పారే తప్ప అంతకుమించి వివరం తెలియలేదు.

ఇది అసలు ఉద్యోగమేనా అని ఇంట్లో అనుమానం. బి.ఎడ్. చేసి టీచరు పోస్టుకు సిద్ధం కమ్మని నాన్న, ఆడపిల్ల బీళ్ళ వెంట తిరగడమేమిటని అమ్మ అంటున్నారు. నాకు మాత్రం వన్యప్రాణి శాస్త్రంలో ఎం.ఎస్సీ. చేయాలని ఉంది. ఈ పనిలో రోజూ నిజంగా చేయవలసింది ఏమిటి, ముందు చదువుకు ఇది ఎంతవరకు పనికొస్తుంది, ఒప్పుకునే ముందు వాళ్ళను ఏమేమి అడగాలి అన్నది అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరా? ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గానీ మాట్లాడేటప్పుడు తడబడతాను. బండి నడపడం రాదు.

జవాబు: నల్లరేగడి

కర్నూలు వైపు ఇలాంటి పనిలోనే కొన్నేళ్ళు ఉన్నవాణ్ణి కాబట్టి మీ మొదటి ప్రశ్నకు కాస్త వివరంగానే జవాబిస్తాను. మిగిలిన వాటికి నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు.

ముందుగా, మీరు వెళ్ళబోయేది అమ్మగారు అనుకుంటున్నట్టు అడవి కాదు. బట్టమేక పిట్టను కాపాడటానికి 1988లో ఏర్పాటు చేసిన రోళ్లపాడు అభయారణ్యం మొత్తం కలిపినా ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. దాని చుట్టూ శనగ, జొన్న, పత్తి, పొగాకు చేలు, మధ్యమధ్య బీళ్ళు ఉంటాయి. జింకకూ తోడేలుకూ కంచెతో పని లేదు గనుక మీ పని కూడా సగానికి పైగా రైతుల పొలాల గట్ల మీదనే జరుగుతుంది.

రోజువారీ పనిలో ప్రధానమైనది లైన్ ట్రాన్సెక్ట్. అంటే పటం మీద ముందే గీసి పెట్టుకున్న ఒక తిన్నని గీత. తెల్లవారగానే ఆ గీత వెంట చప్పుడు చేయకుండా నడుస్తూ, మంద కనబడగానే ఆగి, అందులో మొత్తం ఎన్ని ఉన్నాయి, నల్లటి మగవి ఎన్ని, ఆడవి ఎన్ని, పిల్లలు ఎన్ని అన్నది రాసుకోవాలి. ఎదుగుతున్న మగవి ఇంకా గోధుమ రంగులోనే ఉంటాయి కాబట్టి ఒంటి రంగును నమ్మకుండా కొమ్ములు చూసి రాయడం అలవాటు చేసుకోండి. ఆ వెంటనే రేంజ్ ఫైండరుతో మంద నడిమధ్యకు దూరాన్ని, దిక్సూచితో దాని దిశను కొలవాలి. ఈ రెండింటి నుంచి గీతకూ మందకూ ఉన్న ఎడం లెక్కకు వస్తుంది. ఎడం పెరిగేకొద్దీ మన కంటికి ఆనేవి తగ్గుతాయి గనుక, ఆ తగ్గే తీరును బట్టి మనం చూడలేకపోయినవి ఎన్ని ఉండవచ్చునో అంచనా కట్టి, చదరపు కిలోమీటరుకు ఇన్ని జింకలు అని చివరికి చెబుతారు.

చాలామంది అసిస్టెంట్లు పనిని పాడుచేసేది సరిగ్గా ఈ కొలత దగ్గరే. పరికరం 87 మీటర్లు చూపిస్తే 90 అనీ, 104 చూపిస్తే 100 అనీ రాసేస్తారు. మూడు నాలుగు మీటర్లతో కొంప మునుగుతుందా అనిపిస్తుంది. కానీ ఇలా గుండు అంకెలు వేస్తూ పోతే, తర్వాత గ్రాఫు గీసినప్పుడు జింకలన్నీ యాభై, వంద, నూటయాభై మీటర్ల దగ్గరే గుంపులు కట్టి నిలబడ్డట్టు కనిపిస్తాయి, ఎడం పెరిగేకొద్దీ ఎన్ని తగ్గుతున్నాయన్న అసలు సంగతి ఆ గుంపుల్లో మరుగునపడిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. మనల్ని చూసి మంద కదిలాక అది ఆగిన చోటుకు కాదు, మొదట కనబడినప్పుడు నిలిచిన చోటుకు కొలవాలి. అందుకని మంద కంటబడగానే ముందు దాని పక్కనున్న తుమ్మ చెట్టునో గట్టు మీది రాయినో గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత లెక్క మొదలుపెట్టాలి. ఈ వరుస చేతికి పట్టుబడటానికి కొన్నాళ్ళు పడుతుంది.

ఏమీ కనబడని పొద్దు కూడా తేదీ, వేళ, నడిచిన దూరం, వాతావరణంతో సహా "సున్నా" అని రాయవలసిందే. దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒకప్పుడు రోళ్లపాడుకు పేరు తెచ్చిన బట్టమేక పిట్ట తగ్గుతూ తగ్గుతూ కనుమరుగైంది, అదే చోట కృష్ణజింకలు పెరిగాయి. ఒక జీవి ఫలానా చోట లేకుండా పోయిందని చెప్పాలంటే, వెతకడానికి వెళ్ళి చూడలేకపోయిన రోజుల లెక్కే ఆధారం. చూసిన రోజులు మాత్రమే రాసిన పుస్తకంతో ఆ మాట ఎవరూ అనలేరు. అసిస్టెంటుకు మాత్రం ఏమీ లేని పొద్దున రాతపని దండుగ అనిపిస్తుంది, ఎవరూ చూడటం లేదు కదా అని గదిలో కూర్చుని నింపేసేవారూ ఉంటారు. మంచి పరిశోధకుడు జీపీఎస్ ట్రాక్‌ను షీటుతో సరిచూస్తాడు. చూడకపోయినా మీరు మాత్రం ఆ పని చేయకండి.

ముందు ఏదైనా కదిలితే తనంతట తానే ఫొటో తీసే కెమెరా ట్రాపులు తోడేళ్ళ కోసం. పులికి చారలు, చిరుతకు మచ్చలు ఏ రెండు జంతువులకూ ఒకేలా ఉండవు, పైగా ఒకే జంతువుకు ఎడమ పక్క ఒకలా, కుడి పక్క ఒకలా ఉంటాయి గనుక నల్లమలలో దారికి ఇరువైపులా ఎదురెదురుగా రెండేసి కెమెరాలు కడతారు. తోడేలుకు అటువంటి గుర్తులు లేవు. అందువల్ల అది ఏయే దారుల్లో, ఏ వేళప్పుడు తిరుగుతోందన్నదే కెమెరా చెప్పగలదు. బండి బాటల పక్కన, సుమారు మోకాలి ఎత్తున కట్టి, ఎదురుగా గాలికి ఊగే గడ్డిని కోసేసి, మీరే వంగి దాని ముందు నడిచి ఫొటో పడుతోందో లేదో చూసుకోవాలి. బ్యాటరీలు మార్చినప్పుడల్లా తేదీ, టైము తప్పకుండా సరిచూడాలి. తర్వాత గదిలో కూర్చుని మేకలు, గొర్రెలు, కుక్కలు, మోటారు సైకిళ్ళు ఉన్న వేల ఫొటోల నడుమ తోడేలును వెతకడం ఈ ఉద్యోగంలో కెమెరా కట్టడం కంటే చాలా పెద్ద పని. ప్రకటనల్లో ఆ సంగతి ఎవరూ రాయరు.

తోడేలు మలం సేకరించే పని ఉంటే చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు లేకుండా ముట్టుకోకండి. కుక్క జాతి జంతువుల మలంలో మనిషికి సోకే బద్దెపురుగు గుడ్లు ఉండవచ్చు. ఎండబెట్టి, కడిగి, అందులో మిగిలిన వెంట్రుకలను మైక్రోస్కోపు కింద చూసి అది తిన్నది జింకనా, గొర్రెనా, కుందేలునా అని తేలుస్తారు. జంతుశాస్త్రం చదివిన మీకు బహుశా అన్నిటికంటే నచ్చే భాగం అదే కావచ్చు.

జవాబు: లంకమల పొదలు

మీ ఊరికి లంకమల ఎంతో దూరం కాదు గనుక కలివి కోడి మాట వినే ఉంటారు. 1848లో జెర్డన్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త లోకానికి తెలియజేసిన ఆ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనే అనుకున్నారు. 1986లో మళ్ళీ మన కడప జిల్లాలోనే, రెడ్డిపల్లె దగ్గర, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు ఒక స్థానికుడి సాయంతో దొరికింది. రాత్రిపూట తిరిగే పక్షి కావడంతో, పొదల మధ్య మెత్తటి జల్లెడ మట్టిని సన్నని పట్టీలుగా పరిచి, పొద్దున్నే వాటి మీది అడుగుజాడలను కొలిచి వెతికే పద్ధతిని ఇక్కడ వాడారు. కలివి కోడికి వెనుక వేలు ఉండదు, ముందుకు మూడే వేళ్ళు. అయితే అదే పొదల్లో తిరిగే తీతువుల వంటి పక్షుల జాడలు కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి కనుక కంటితో చూసి చెబితే చాలదు, స్కేలు పెట్టి కొలిచి ఫొటో తీయాలి. ఇటువంటి పనిలో పట్టీ తుడిచి సరిచేసే అసిస్టెంటు చేతి శ్రద్ధ మీదే ఫలితమంతా నిలబడుతుంది. మీ నాన్నగారికి ఇది ఉద్యోగమేనా అన్న సందేహం ఉంటే ఈ ఒక్క సంగతి చెప్పి చూడండి.

ఇక అమ్మగారి భయం గురించి. ఆడవాళ్ళు ఈ పనిలో చాలామందే ఉన్నారు, నేనూ చేశాను. భయం తీరేది ధైర్యవచనాలతో కాదు, ముందే అడిగి తెలుసుకున్న వివరాలతో. ఉండబోయే ఇల్లు ఏ ఊళ్ళో, గదికి లోపలి గడియ ఉందా, మరుగుదొడ్డి ఇంట్లోనే ఉందా, జట్టులో ఇంకో ఆడమనిషి ఉందా, పొద్దున చీకట్లో మిమ్మల్ని ఫీల్డుకు ఎవరు ఎలా తీసుకెళతారు, సిగ్నల్ లేని చోట జట్టు ఎంతసేపటికి ఒకసారి మాట్లాడుకుంటుంది అన్నవి అడగండి. ఇవి అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడవద్దు. అడిగినందుకు ముఖం చిట్లించేవారి దగ్గర ఆరు నెలలు ఉండటం కష్టం. పది మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోనూ పని ప్రదేశంలో లైంగిక వేధింపుల మీద ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. ఆ విద్యార్థి ఏ సంస్థకు చెందినవారో, అక్కడి కమిటీలో ఎవరున్నారో కనుక్కుని పెట్టుకోండి. అవసరం రాకపోతే అంతకంటే కావలసింది లేదు.

జీతం సంగతి కూడా రాతపూర్వకంగానే తేల్చుకోవాలి. నెట్ లేదా గేట్ ద్వారా వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. ఫీల్డ్ అసిస్టెంటుకు అంత వస్తుందని ఆశపడకండి. విద్యార్థి తనకు వచ్చిన చిన్న గ్రాంటులోంచి ఇచ్చేది కాబట్టి తక్కువగానే ఉంటుంది. ఎంత అన్నదాని కంటే ఏ తేదీన ఇస్తారు, తిండి, ఇంటి అద్దె, బస్సు ఛార్జీలు అందులోనే పోతాయా లేక విడిగా ఇస్తారా, ప్రమాద బీమా ఉందా అన్నవి ముఖ్యం. నాకు తెలిసిన ఒక చోట నెలాఖరున రావలసిన డబ్బు "గ్రాంటు విడుదల కాలేదు" అన్న మాటతో నెలల తరబడి ఆగిపోయింది. నోటిమాట మీద చేరినవారికి గట్టిగా అడిగే వీలు కూడా లేకపోయింది.

మీ పేరు ఎక్కడ వస్తుందో కూడా అడగండి. కేవలం లెక్క రాసి ఇచ్చినవారికి వ్యాసం చివర కృతజ్ఞతల్లో చోటు దొరకడం మామూలు. రాతలో, విశ్లేషణలో కూడా పాలు పంచుకుంటే సహరచయితగా పేరు అడగడం తప్పు కాదు. సాయంత్రాలు ఖాళీ దొరికినప్పుడల్లా గణాంకాల విశ్లేషణకు వాడే ఆర్, పటాలు గీసే క్యూజీఐఎస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాములు నేర్చుకోండి. రెండూ ఉచితంగా దొరుకుతాయి, రెండూ ఎం.ఎస్సీ.లో తప్పవు. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలోనూ బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్)లోనూ ఉన్న వన్యప్రాణి కోర్సుల్లో సీట్లు చాలా కొద్ది. ఇంటర్వ్యూలో "పొలంలో ఏం చేశావు, ఎందుకలా చేశావు, ఇంకోలా చేసి ఉంటే ఏమయ్యేది" అని అడిగినప్పుడు ఆరు నెలలు చేతులారా చేసినవారి జవాబు వేరుగా ఉంటుంది. ఇంగ్లీషు మాట గురించి దిగులు వద్దు. కాపరితో, రైతుతో మాట్లాడి సంగతి రాబట్టగల మనిషి జట్టుకు కావాలి, ఆ పని బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవారికి చేతకాదు. బండి మాత్రం చేరేలోపు నేర్చుకోండి. ఒకరి వెనుక కూర్చుని వెళ్ళవలసిన అవసరం లేకుండా పోతే సగం చిక్కులు వాటంతటవే తీరతాయి.

జవాబు: విశ్రాంత అటవీ ఉద్యోగి

అమ్మా, పై ఇద్దరూ పని గురించి చక్కగా చెప్పారు. నేను శాఖ వైపు నుంచి కొన్ని మాటలు చెబుతాను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షను ప్రకారం పరిశోధన కోసం అభయారణ్యంలోకి వెళ్ళడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. మీ పరిశోధకుని దగ్గర ఆ ఉత్తర్వు ఉందో లేదో, అందులో మీ పేరు చేరిందో లేదో, గడువు ఎంతవరకు ఉందో చూసుకుని, ఒక జిరాక్సు కాపీ ఎప్పుడూ మీ సంచిలో పెట్టుకోండి. కృష్ణజింక, తోడేలు రెండూ ఆ చట్టం అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులోనివి. మలం, వెంట్రుకలు సేకరించబోతే ఆ సంగతి కూడా అనుమతిలో రాసి ఉండాలి. కొత్త చోటికి వెళ్ళిన రోజే రేంజ్ ఆఫీసరుకు కాగితం చూపి, బీట్ ఆఫీసరు నంబరు తీసుకోవడం మర్యాదే కాక మీకు రక్ష కూడా. 2022లో జిల్లాలు విడిపోయాక కర్నూలులో ఉన్నదనుకున్న చోటు నంద్యాలలో ఉండటం వంటివి జరుగుతాయి కాబట్టి ఎవరి పరిధి ఏదో ముందే కనుక్కోండి.

తర్వాత ఎప్పుడైనా లంకమల, పాలకొండలు, శేషాచలం వైపు పనిచేయవలసి వస్తే ఇంకా జాగ్రత్త కావాలి. ఎర్రచందనం దొంగల కోసం మా సిబ్బంది రాత్రంతా కాపు కాసే చోట, తలకు లైటు కట్టుకుని పొదల్లో తిరిగే అపరిచితులు కనబడితే ఎవరైనా ముందు అనుమానించే తీరతారు. సమాచారం ఇవ్వకుండా రాత్రి పని చేయడం ఆ కొండల్లో అస్సలు కూడదు.

జంతువుల భయం విషయానికి వస్తే, తోడేలు మనిషిని చూస్తే తప్పుకుంటుంది. భయపడవలసింది ఎలుగుబంటికి. అనంతపురం, కర్నూలు జిల్లాల రాతిగుట్టల దగ్గర తెల్లవారుజామున, మునిమాపున హఠాత్తుగా ఎదురుపడితే మీద పడుతుంది, కాబట్టి గుట్టల అంచున, పుట్టల దగ్గర, నీటిగుంటల దగ్గర మాట్లాడుకుంటూ నడవాలే తప్ప నిశ్శబ్దంగా పోకూడదు. ట్రాన్సెక్టులో మాట్లాడకూడదని నల్లరేగడి గారి లాంటి వారు అంటారని తెలుసు. గుట్ట పక్కన మాత్రం నా మాటే వినండి. కింద చాప వేసుకుని పడుకోవద్దు, మంచం, దోమతెర తప్పనిసరి. కట్లపాము రాత్రిళ్ళు నేల మీద పడుకున్నవారినే ఎక్కువగా కాటు వేస్తుంది, నొప్పి పెద్దగా తెలియక ఆలస్యమవుతుంది. ఏ పాము కరిచినా గట్టిగా కట్టు కట్టడం, కోయడం, మంత్రగాడి దగ్గరకు పోవడం వంటివి చేయకుండా, ఆ కాలినో చేతినో కదలనీయకుండా ప్రభుత్వాసుపత్రికి చేరాలి. దగ్గరలో యాంటీవీనం ఉన్న ఆసుపత్రి ఏదో చేరిన మొదటి వారంలోనే కనుక్కోవాలి.

ఇంకో మాట. తోడేలు గుంత ఎక్కడుందో గొర్రెల కాపరులకే ముందు తెలుస్తుంది. వారు నమ్మి చూపిస్తే ఆ చోటు ఫొటోగానీ జీపీఎస్ అంకెలుగానీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. గొర్రెలు పోయాయన్న కోపంతో గుంతకు పొగబెట్టి పిల్లలను చంపేవారు ఉన్నారు.

జవాబు: అనంతపురం లెక్చరర్

విద్యార్థులను ఇలాంటి పనులకు పంపే నేను ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఈ రంగంలో ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టువే. ఆరు నెలల ప్రాజెక్టు తర్వాత ఇంకో ఆరు నెలల ప్రాజెక్టు అంటూ ఎం.ఎస్సీ. వాయిదా పడిపోయినవారిని చూశాను. కాబట్టి ఏ సంవత్సరం ప్రవేశ పరీక్ష రాస్తారో ఇప్పుడే నిర్ణయించుకుని చేరండి. బి.ఎడ్. తర్వాతైనా చేయవచ్చునని నాన్నగారికి చెప్పండి, అది నిజమే కూడా.

చేరేలోగా ఊరికే ఉండకండి. జనవరిలో ఏటా జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో మీ ఊరి చెరువులోని పక్షులను మీరే లెక్కించి, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో పెట్టవచ్చు. వీలైతే హిందూపురం దగ్గరి వీరాపురం వెళ్ళి, ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కట్టే కొంగలను ఒక పూటంతా లెక్కపెట్టి చూడండి. వాటిని సైబీరియా నుంచి వస్తాయని చెప్పుకుంటారు గానీ అవి మన దేశంలోనే గుడ్లు పెట్టి పిల్లల్ని చేసే పెయింటెడ్ స్టార్క్‌లు. ఒకే కొమ్మ మీది గూళ్ళను ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి పోల్చుకుంటే, లెక్క అన్నది ఎంత తేలికగా తప్పుతుందో ఎవరూ చెప్పనక్కరలేకుండా తెలుస్తుంది.

మైదుకూరు అమ్మాయి

అందరికీ ధన్యవాదాలు. జీతం, ఇల్లు, బీమా గురించి ఈమెయిల్ రాశాను. అక్కడి ఇంట్లో నాతోపాటు ఉండబోయే ఇంకో పరిశోధకురాలితో నిన్న ఫోనులో మాట్లాడించారు, అమ్మ కూడా మాట్లాడింది. కొంచెం మెత్తబడింది. బండి రేపటి నుంచి మా అన్న నేర్పిస్తానన్నాడు. ఒక్క సందేహం మిగిలింది. మా మేనమామ వాళ్ళది పత్తికొండ వైపు. జింకలు మొలకెత్తిన శనగను, వేరుశనగను మందలుగా వచ్చి మేసిపోతాయని, కేసుల భయంతో వాటినేమీ అనలేకపోతున్నామని వాళ్ళ బాధ. రేపు పొలం గట్టు మీద రైతు ఎవరైనా "మా పంట తినేవాటిని లెక్కపెట్టి నువ్వేం చేస్తావమ్మా?" అని అడిగితే ఏమని చెప్పాలి?

జవాబు: నల్లరేగడి

తప్పకుండా అడుగుతారు, మొదటి వారంలోనే. "పై అధికారులకు చెప్పి ఏదో ఒకటి చేయిస్తాం" అన్న మాట మాత్రం పొరపాటున కూడా అనకండి. అది మీ చేతిలో లేనిది. రెండో పంటకు కూడా ఏమీ జరగకపోతే ఆ ఊళ్ళో మీకే కాదు, మీ తర్వాత వచ్చేవారికి కూడా ఎవరూ దారి చూపరు. ఎన్ని జింకలు, ఏ నెలలో, ఏ పంటలోకి వస్తున్నాయన్న లెక్క లేకుండా రైతు నష్టం గురించి గానీ జింక రక్షణ గురించి గానీ మాట్లాడటం వట్టి వాదనే అవుతుందని, ఆ లెక్క కోసమే వచ్చామని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పంట నష్టం మీద అర్జీ పెట్టవలసింది అటవీ రేంజ్ కార్యాలయంలో అని చెప్పి, మేసిన చేను ఫొటోలు తేదీతో తీసి పెట్టుకొమ్మని సలహా ఇవ్వవచ్చు. అంతవరకు మీరు చేయగలిగిన సాయమే.

అలాగే రైతు చెప్పిన సంగతిని డేటా షీటు వెనుక రెండు ముక్కలు రాసుకోండి. ఏ చేనులోకి ఎన్ని వచ్చాయి, రాత్రా పగలా, ఏ దిక్కు నుంచి అన్నవి. షీటులో దానికి గడి ఉండదు గానీ, మీ పరిశోధకుడు తెలివైనవాడైతే ఆ వెనుక పేజీలే ముందు చదువుతాడు. ఎవరి పొలంలోనైనా నడవబోయే ముందు ఆసామిని అడిగే వెళ్ళండి. శనగ మొలక మీద కాలు పెట్టకుండా గట్టు మీదుగా చుట్టి పోవలసివస్తే ఎంత దూరం పక్కకు తప్పుకున్నారో అది కూడా షీటులో రాయండి.